రహస్యం: చోటులో పుట్టిన మాట

‘రహస్యం’ అంటే దాచిన మాట అనుకుంటాం గానీ, దాని మూలంలో ఉన్నది ఒక చోటు. సంస్కృతంలో ‘రహస్’ అంటే ఏకాంత స్థలం. రేపటి వైర్‌లెస్ భద్రత మళ్లీ ఆ అర్థం దగ్గరికే వస్తోంది. గూఢలిపి తాళంచెవిని నమ్ముకుంటే, భౌతిక పొర భద్రత తరంగం నడిచే దారిని నమ్ముకుంటుంది. వినాల్సినవాడికి స్పష్టంగా, పొంచి వినేవాడికి మసకగా అందితే తాళంచెవి లేకుండానే గుట్టు నిలుస్తుందని 1975లో వైనర్ అనే శాస్త్రవేత్త గణితంతో చూపాడు.

తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌లో 1024 యాంటెన్నాలు కలిసి 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని సన్నటి పుంజంగా ఆకాశానికి పంపుతాయి. అది వాతావరణ పరిశోధన కోసమే అయినా, భౌతిక పొర భద్రతకూ పనికొచ్చే కిటుకు అదే: కోరిన వైపు గట్టిగా, మిగతా వైపుల సన్నగా పలకడం. పొంచినవాడు ఆ పుంజంలోనే నిలబడితే? ఏకాంతం చెడుతుంది, నిజమే. అందుకే ఇది గూఢలిపికి తోడు మాత్రమే. తలుపుకు తాళం వేసినా, గుట్టు చెప్పుకునేవాళ్లు గొంతు తగ్గించుకుంటారు కదా!