ముత్తాతగారి తబాదలా కాగితం

మన సంఘ సభ్యుల ఇళ్ళలో బడిపంతులు లేని వంశం అరుదు. మా ముత్తాతగారూ అలాంటివారే. హిమాయత్ సాగర్ దాపు పల్లెలో పిల్లలకు అలిఫ్ బే దిద్దించారు. ఆయన్ని మౌల్వీసాబ్ అనే పిలిచేవారట. ఆయన ఎప్పుడొచ్చారో ఆరా తీయడమే ఈ వ్యాసం సంగతి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచాక, ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీ నదిమీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. రెండోదానికి ఏడవ నిజాం కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. కట్ట పని నడిచే రోజుల్లోనే మౌల్వీసాబ్ వచ్చారని మా పెద్దల మాట. కూలీల పిల్లలకు కూడా చదువు చెప్పారంటారు.

ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఉర్దూలో ఉన్న తబాదలా హుకుం. దానిమీద 1339 అని ఉంది. హిజ్రీ అనుకుంటే 1920-21 అవుతుంది, పెద్దల మాట నిలబడుతుంది. కానీ నెల పేరు ఖుర్దాద్ అని ఉంది! అది హిజ్రీ నెల కాదు, నిజాం దఫ్తర్లలో నడిచిన ఫస్లీ నెల. ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జనవరి దాటితే 591 కలపాలి. లెక్క ప్రకారం ఇది 1930 ఏప్రిల్ ప్రాంతం. అప్పటికి చెరువు నిండి మూడేళ్ళు! ఆయన వచ్చింది కట్టకోసం కాదు, బడికోసం. మా మటుకు మాకు ఇదే గొప్పగా తోస్తోంది. పెద్దలు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

జీతం 14 రూపాయలు, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు గనుక అది 12 రూపాయలకు సమానం.

మిగతా కాగితాలు వెతకడం అంత తేలిక కాదు. శంషాబాద్ ప్రాంతం అప్పట్లో నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్‌లో, అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. 1978లో రంగారెడ్డి జిల్లా వచ్చింది. ఒకే ఊరు వేర్వేరు పేర్ల దఫ్తర్లలో పడి ఉందన్నమాట. పాత సివిల్ లిస్టుల్లో పెద్ద ఉద్యోగుల పేర్లే ఎక్కువ, చిన్న ముదర్రిస్ పేరు కనపడదు. దొరికితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, లేదా బడిలో పాత దాఖలా రిజిస్టర్లలో దొరకాలి.

అసలు కష్టం మరొకటుంది. మా పిల్లలు తెలుగూ ఇంగ్లీషూ చదువుతారు. ఆ గొలుసుకట్టు ఉర్దూ రాత చదవగలిగినవారు మా ఇంట ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఎనభై దాటాయి. ఇంటింటా ఇదే పరిస్థితి. హుకుం వెనకాల పెన్సిలుతో పదకొండు మంది పిల్లల పేర్లున్నాయి. ఏడు తెలిశాయి, అందులో నాలుగు హిందూ పేర్లు. మిగతా నాలుగూ ఆ పెద్దలు ఉండగానే చదివించుకోవాలి. చూపు తగ్గింది గనుక కాగితం పెద్దదిగా ఫోటో తీయించి పట్టుకెళ్తున్నాం.