కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత లంబాడీల వృత్తి శిక్షణ, స్వయం ఉపాధి రుణాలు

తెలంగాణ రాష్ట్రంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో నివసించే లంబాడీలకు వృత్తి నైపుణ్యాలు నేర్పడానికి, సొంత వ్యాపారం ప్రారంభించుటకు అవసరమైన పెట్టుబడి సమకూర్చడానికి 1970వ దశకం నుండి అనేక ప్రభుత్వ పథకాలు అమలు చేయబడినవి. ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాదు జిల్లాలో భాగము. ఆ రోజున కామారెడ్డి జిల్లా ఏర్పడగా కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ దాని రెవెన్యూ డివిజన్లు అయినవి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి, మాచారెడ్డి మండలాలలో లంబాడీ తండాలు అధికంగా ఉన్నవి. షెడ్యూల్డు తెగలకు చెందిన ఎరుకల, నాయకపోడు కుటుంబాలు కూడా ఈ జిల్లాలో కలవు.

నేపథ్యం

లంబాడీలను బంజారాలు, సుగాలీలు అని కూడా పిలుస్తారు. వీరు తమను తాము గోర్ అని చెప్పుకొంటారు. వీరి భాష గోర్ బోలి. ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసుకొని దక్కను అంతటా తిరిగిన వర్తకులు వీరు. మొగలుల సేనలకు ధాన్యం చేరవేసిన వారిలో వీరు ముఖ్యులు. అనగా నేడు ప్రభుత్వం వ్యాపారం నేర్పదలచిన ఈ జాతికి వ్యాపారమే కులవృత్తి. 1900 ప్రాంతంలో కామారెడ్డి మీదుగా నిర్మించబడిన హైదరాబాదు-గోదావరి లోయ రైలు మార్గం వంటివి వచ్చిన తరువాత బిడారులతో పని లేకపోయినది. దీనికి తోడు బ్రిటిషు ఇండియాలో 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల వారిపై నేరస్థులనే ముద్ర వేసినది. ఆ చట్టం 1952లో రద్దయినది. స్థిరపడిన లంబాడీలలో ఎక్కువ మంది వర్షాధార సేద్యం, పశువుల పెంపకం, కూలి పనుల మీద ఆధారపడిరి. తరువాతి తరంలో చాలామంది హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు వలస వెళ్ళిరి.

ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండగా తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఆ గుర్తింపు ఆలస్యంగా లభించినది. ప్రాంతీయ పరిమితులను తొలగించిన 1976 నాటి సవరణ చట్టం 1977 జూలై 27 నుండి అమలులోకి వచ్చినది. ఈ గుర్తింపుపై గోండు, కోయ తదితర ఆదివాసులు అభ్యంతరం తెలుపుచున్నారు. 2017లో ఆదిలాబాదు ప్రాంతంలో ఇది పెద్ద ఆందోళనగా మారినది.

సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ లేని ప్రాంతం

గిరిజనులకు ఉద్దేశించిన ప్రత్యేక యంత్రాంగమైన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏ) తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం కేంద్రాలుగా పనిచేయుచున్నవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వీటి పరిధిలోకి రావు. ఇవి షెడ్యూల్డు ప్రాంతాలు కూడా కావు. కనుక ఏజెన్సీలో ప్రాజెక్టు అధికారి చూసే పనిని ఇక్కడ జిల్లా గిరిజన అభివృద్ధి అధికారి, మండల పరిషత్తు కార్యాలయం, బ్యాంకు శాఖ పంచుకొనవలసి ఉన్నది. జిల్లాల పునర్విభజనకు ముందు గాంధారి తండాల వారు ఈ పనులకు నిజామాబాదు వరకు వెళ్ళవలసి వచ్చేది. కొత్త జిల్లాతో ఆ దూరం తగ్గినది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో పాటు అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలు కావడంతో గ్రామసభలో లబ్ధిదారుల ఎంపిక తండా పరిధిలోనే జరుగుటకు వీలు కలిగినది.

వృత్తి శిక్షణ

శిక్షణకు కొరత ఉన్నదని చెప్పలేము. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన ఉపాధి కల్పన, మార్కెటింగు మిషను గ్రామీణ యువతకు స్వల్పకాలిక కోర్సులు నిర్వహించినది. 2014 నుండి దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన క్రింద అటువంటి కోర్సులు కొనసాగినవి. ఈ రెండింటి లక్ష్యం ప్రధానంగా నగరాలలో జీతపు ఉద్యోగం, సొంత వ్యాపారం కాదు.

స్వయం ఉపాధికి సంబంధించి ముఖ్యమైనవి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు (ఆర్‌సెటి). 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ప్రారంభమైన రుడ్‌సెటి నమూనా ఆధారంగా 2009 నుండి ప్రతి జిల్లాకు ఒకటి చొప్పున బ్యాంకుల ఆధ్వర్యంలో వీటిని నెలకొల్పిరి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో స్టేట్ బ్యాంకు నిర్వహించే సంస్థ వీటిలో ఒకటి. కుట్టుపని, సెల్‌ఫోను మరమ్మతు, విద్యుత్ వైరింగు, పాడి పశువుల పెంపకం వంటివి భోజన వసతులతో ఉచితంగా నేర్పుట, శిక్షణ పొందిన వారికి బ్యాంకు రుణం అందేవరకు తోడ్పడుట ఈ సంస్థల విధానం. శిక్షణ ఇచ్చునది, అప్పు ఇచ్చునది ఒకే వ్యవస్థ కావడం దీని బలం.

లంబాడీ స్త్రీల అద్దాల కుట్టుపని విషయంలో జరిగినది తక్కువ. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించి, దాని చుట్టూ ఒక చిన్న పరిశ్రమ ఏర్పడినది. కామారెడ్డి తండాలలో కుట్టుపని శిక్షణ అనగా సాధారణంగా మిషను మీద రవికలు కుట్టుట అని అర్థం. వృద్ధ స్త్రీల చేతిలో ఉన్న విద్యకు అందులో స్థానం లేదు. పాడి పరిశ్రమకు మాత్రం ఈ ప్రాంతం అనువైనది. కామారెడ్డిలో పాడి సాంకేతిక కళాశాల కూడా ఉన్నది, అయితే అది డిగ్రీ చదువులకు ఉద్దేశించినది, గేదె కొనదలచిన వారికి కాదు.

పెట్టుబడి మార్గాలు

షెడ్యూల్డు తెగల సహకార ఆర్థిక సంస్థ (ట్రైకార్) 1976లో ఏర్పడినది. 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ప్రత్యేక సంస్థ పనిచేయుచున్నది. ట్రైకార్ నేరుగా మొత్తం సొమ్ము ఇవ్వదు. యూనిట్ వ్యయంలో కొంత రాయితీగా చెల్లించును, మిగిలినది బ్యాంకు అప్పుగా ఇవ్వవలెను. తెలంగాణ ఏర్పడిన తొలి సంవత్సరాలలో లక్ష రూపాయల లోపు యూనిట్లకు రాయితీ 80 శాతం వరకు ఉండేది, యూనిట్ పెద్దదైన కొద్దీ శాతం తగ్గేది. 2001లో ఏర్పడిన జాతీయ షెడ్యూల్డు తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ కూడా ట్రైకార్ వంటి రాష్ట్ర సంస్థల ద్వారానే రుణాలు ఇచ్చును. స్త్రీలకు ఉద్దేశించిన దాని పథకంలో వడ్డీ 4 శాతం.

2008లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం క్రింద గ్రామీణ ప్రాంతపు గిరిజనులకు 35 శాతం రాయితీ కలదు, సొంత వాటా 5 శాతం సరిపోవును. 2016 ఏప్రిల్ 5న ప్రారంభమైన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక దళిత లేదా గిరిజన వ్యాపారికి, ఒక మహిళకు 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వవలెనని నిర్దేశించినది. అది 2025 వరకు అమలైనది. తండాలో కిరాణా దుకాణం పెట్టదలచిన వానికి పది లక్షల కనీస పరిమితి అక్కరకు రాని మేలు. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం పేరుతో 4 లక్షల రూపాయల వరకు యూనిట్లకు దరఖాస్తులు ఆహ్వానించినది.

బ్యాంకు అంగీకారం

ఈ పథకాలు వేరైనా అన్నింటి చిక్కుముడి ఒక్కటే. రాయితీ మంజూరు కావలెనన్న బ్యాంకు అంగీకార పత్రం కావలెను, బ్యాంకు తన అప్పు తిరిగి రాగలదా అని మాత్రమే చూచును. రాయితీ ఎంత పెద్దదైనను, బ్యాంకు వాటా చిన్నదైనను, ఆ వాటా లేనిదే రాయితీ లేదు. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు, ఆన్‌లైను దరఖాస్తు, మండల స్థాయి పరిశీలన పూర్తయిన పిదప దరఖాస్తుదారు నిలిచిపోయేది సాధారణంగా ఈ మెట్టు దగ్గరనే.

దీనికి కారణాలు ఉన్నవి. 1989లో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన సేవా ప్రాంత విధానం ప్రకారం ప్రతి గ్రామం ఒక శాఖకు కేటాయించబడినది. 2004లో ఈ నిబంధనను సడలించినను ప్రభుత్వ పథకాలకు మినహాయింపు ఉంచిరి. కనుక ఒక శాఖ కాదన్నచో మరొక శాఖకు వెళ్ళే అవకాశం తండావాసికి లేకపోయినది. కుటుంబంలో పాత పంట రుణం బకాయి ఉన్నచో కొత్త అప్పు దొరకుట మరింత కష్టం. 10 లక్షల వరకు చిన్న పరిశ్రమల రుణాలకు పూచీకత్తు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లో ఆదేశించినది, కాని ఈ సంగతి తెలిసి అడిగే దరఖాస్తుదారులు అరుదు.

పూచీకత్తుగా చూపదగిన భూమి విషయంలోను ఇబ్బంది ఉన్నది. ఎల్లారెడ్డి, గాంధారి వైపు అడవి అంచు తండాలలో అనేక కుటుంబాలది పోడు సేద్యం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద లభించే పట్టా వారసత్వంగా సంక్రమించును గాని అన్యాక్రాంతం చేయరాదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం పోడు పట్టాలు పంపిణీ చేసినప్పుడు సాగుకు భద్రత కలిగినది, వ్యాపార రుణానికి తాకట్టు మాత్రం కలగలేదు.

మహిళా సంఘాలు

ఈ చిక్కు లేకుండా తండాలకు అప్పు చేరిన మార్గం స్వయం సహాయక సంఘాలు. 2000వ దశకంలో వెలుగు, తరువాత ఇందిరా క్రాంతి పథం క్రింద ఏర్పడిన సంఘాలకు బ్యాంకులు సభ్యుల ఉమ్మడి బాధ్యతపై రుణాలు ఇచ్చినవి. ఇక్కడ భూమి పత్రం అడగరు, సంఘం యొక్క పొదుపు, తిరిగి చెల్లింపుల పుస్తకమే ఆధారం. 2011లో ఏర్పడిన స్త్రీనిధి సహకార సంస్థ కూడా సంఘాల ద్వారానే అప్పు ఇచ్చును. మేకలు, గేదెలు, కుట్టు మిషన్లు, చిన్న దుకాణాలు ఈ సొమ్ముతో నడిచే పనులు. అయితే సభ్యురాలికి అందే మొత్తం పరిమితమైనది. ఆటో, ట్రాక్టరు, వర్క్‌షాపు వంటి వాటికి మగవారు తిరిగి అదే బ్యాంకు శాఖకు రావలసినదే, లేదా కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల ప్రైవేటు ఫైనాన్సు వ్యాపారుల వద్ద అధిక వడ్డీకి తీసుకొనవలసినదే.