ఛోటా భీమ్ పెళ్లి, చందమామ పోస్టుకార్డు

2020 జూన్‌లో, కరోనా భయంతో జనం ఇంకా ఇల్లు కదలని రోజుల్లో, హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. ఛోటా భీమ్‌కి పెళ్లయిందన్న వార్త అబద్ధం, భీమ్, చుట్కీ, ఇందుమతి ముగ్గురూ ఇంకా పిల్లలే, దయచేసి వాళ్ల మధ్యకి ప్రేమలూ పెళ్లిళ్లూ తేకండి. స్థూలంగా ఇదీ అందులోని మాట.

అది చదివి నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. బొమ్మ పిల్లాడికి పెళ్లి కాలేదని ఒక కంపెనీ లోకానికి చెప్పుకోవాల్సి వచ్చిందంటే, జనం ఆ పిల్లాణ్ణి ఎంతగా తమవాణ్ణి చేసుకున్నారో చూడండి. భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లాడేశాడని ఎక్కణ్ణుంచో పుకారు లేచింది. ఇన్నేళ్లూ లడ్డూలు తెచ్చి తినిపించిన చుట్కీ సంగతేమిటని ‘జస్టిస్ ఫర్ చుట్కీ’ పేరుతో ట్విట్టర్ హోరెత్తింది. పోగో ఛానల్లో ఛోటా భీమ్ మొదలైంది 2008లో. అప్పట్లో అమ్మ ఒళ్లో కూర్చుని చూసినవాళ్లు 2020 నాటికి కాలేజీలకొచ్చారు. వాళ్లు పెరిగారు గానీ భీమ్ ఊరు ఢోలక్‌పూర్ పెరగలేదు. ఆ తేడా వాళ్లకు ఒక్కసారిగా తట్టినట్టుంది.

గ్రీన్ గోల్డ్ రాజీవ్ చిలక హైదరాబాదులో పెట్టిన సంస్థ. మా చేవెళ్ల అంగడిలో కూరగాయల వరస దాటి సంచులమ్మే చోటికి వెళ్తే ఇప్పటికీ ఆ భీమ్ కనిపిస్తాడు. కాషాయ రంగు పంచె, ఛాతీ మీద చొక్కా లేదు, పిడికిలి బిగించి ఉంటాడు. ముద్రణలో రంగు పక్కకు జరిగి ఒక కన్ను చెంప మీదికి దిగింది. అయినా ఆరేళ్ల పిల్ల ఆ సంచే కావాలని అక్కడే చతికిలబడింది. పక్కనున్న స్పైడర్‌మ్యాన్ సంచి ధర తక్కువని తల్లి ఎంత చెప్పినా వినలేదు.

కథ రాసేవాళ్ల మీద చూసేవాళ్లకు ఈ హక్కు ఎప్పట్నుంచి వచ్చిందన్నది నన్ను పట్టుకున్న ప్రశ్న. వెతుకుతూ పోతే భీమ్ పెళ్లి గోలకు చుట్టాలు చాలామందే దొరికారు.

1893 డిసెంబర్లో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేశాడు. కథ అచ్చువేసిన స్ట్రాండ్ పత్రికకు వేలమంది చందాలు మానేశారంటారు. పదేళ్లు తిరిగేసరికి హోమ్స్ బతికొచ్చాడు. నాకు మరీ ముచ్చటగా అనిపించేది 1988. ఒకే ఏడాదిలో రెండు దేశాల్లో జనం కథల్లోకి చెయ్యి పెట్టారు. అమెరికాలో బ్యాట్‌మ్యాన్ కామిక్ వాళ్లు రాబిన్ చావాలా బతకాలా అని పాఠకుల్నే అడిగారు. రెండు ఫోన్ నంబర్లిచ్చారు, కాల్‌కి 50 సెంట్లు. చావాలన్నవాళ్లు 5,343 మంది, బతకాలన్నవాళ్లు 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో కుర్రాడి ప్రాణం పోయింది. అదే ఏడాది మన దేశంలో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ముగియబోతోందని తెలిసి జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లు వాల్మీకిని తమ కులగురువుగా కొలిచేవాళ్లు. వాల్మీకి ఆశ్రమం, లవకుశులు లేకుండా రామాయణం ఎలా పూర్తవుతుందన్నది వాళ్ల ప్రశ్న. ప్రభుత్వం దిగొచ్చింది, ఉత్తర రామాయణం తెరకెక్కింది. రాబిన్‌ని చంపిన ఓటు కన్నా ఈ సమ్మె నాకు ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. వీధులు ఊడ్చే మనుషులు తమ కథలో తమ భాగం తెగిపోకుండా కాపాడుకున్నారు.

ఇలాంటి హక్కు తెలంగాణకి కొత్త కాదు. చేర్యాల నకాషీ పటాలు చూసినవాళ్లకు తెలుసు. ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ బొమ్మలు, పటాన్ని విప్పుతూ పాడే కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెప్తారు, మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెప్తారు. వినేవాళ్లు కథానాయకుడి వంశంవాళ్లే. ఒక్క ఘట్టం వదిలేసినా అడిగేవాళ్లుంటారు. బొమ్మల పుస్తకం, దాన్ని నడిపే ప్రదర్శన, నిలదీసే అభిమాని, మూడూ ఆ పటం ముందే ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో పుట్టిన నాటక సమాజం తర్వాతి కాలంలో ఘటోత్కచుణ్ణి తీగల మీద గాల్లోకి ఎగరేసి, మనుషులు ఎగిరే ఆట ఎలా ఉంటుందో సినిమాకన్నా ముందే మన పల్లెలకు చూపించింది.

ఇక నా మనసు నిలిచిపోయే కాలానికొస్తాను.

1947 జులైలో మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. ఈ ఇద్దరే విజయా సంస్థ పేరుతో 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీశారు. తెరమీద ‘పాతాళభైరవి’ తోటరాముడు, పుస్తకంలో ‘యక్షపర్వతం’ సీరియల్ వీరుడు ఖడ్గవర్మ. మన సూపర్ హీరోల కార్ఖానా ఒకటుందంటే అది ఈ ఇద్దరిదే.

1952లో కొడవటిగంటి కుటుంబరావు చందమామలో చేరారు. కవర్ మీద పేరు లేకుండా 1980లో కన్నుమూసేదాకా పత్రిక భాషను దిద్దింది ఆయనే. హేతువాది, మార్క్సిస్టు, అలాంటి మనిషి నెలనెలా బేతాళుడి నోట ప్రశ్నలు పలికించారు. బేతాళుడి బొమ్మ శంకర్ గీసింది. చేతిలో కత్తి, భుజాన శవం, వెనక్కి తిరిగి చూడని విక్రమార్కుడు. శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. ఆ బొమ్మతోనే బతికి 2020లో పోయారు. 1985లో దూరదర్శన్‌లో ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ వచ్చినప్పుడు తెలుగు ఇళ్లల్లో తొలి విమర్శ ఒకటే: శంకర్ బొమ్మలో ఉన్నట్టు లేడు. మా నాన్న ఇప్పటికీ ఆ మాటే అంటారు. పుస్తకంలో చూసిన మొహం తెరమీద లేకపోతే వచ్చే కినుక మనకు అప్పట్నుంచీ ఉంది.

అదే 1952లో దాసరి సుబ్రహ్మణ్యం కూడా చందమామలో చేరారు. 1954లో ‘తోకచుక్క’ రాశారు. అక్కణ్ణుంచి పాతికేళ్లకు దగ్గరగా మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, ఇలా పన్నెండు ధారావాహికలు. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు వాటికి ప్రాణం. గండభేరుండం మీద స్వారీ, మంత్రదండం, గుహ ద్వారంలో ఎదురయ్యే వికృతాకారం, ప్రతి నెలా కథ సరిగ్గా అక్కడే ఆగేది. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు లోయలోకి దిగాక ఏమయ్యారో తెలియాలంటే ముప్పై రోజులు కాచుకోవాలి. ఆ ముప్పై రోజులూ పిల్లలు తర్వాతి కథ తామే అల్లుకునేవాళ్లు. నా దృష్టిలో అభిమాని పుట్టేది ఆ ఖాళీలోనే. ఇప్పుడు సీరీస్ మొత్తం ఒకే రాత్రి విప్పి పెడుతున్నారు, తెల్లారేసరికి అల్లుకోడానికి ఏమీ మిగలడంలేదు. పోయింది చిన్న వస్తువు కాదు.

దాసరి పేరు ఆ ధారావాహికల మీద ఉండేది కాదు. రాసినవాడెవరో తెలియకుండానే రెండు తరాల పిల్లలు ఆయన్ని ప్రేమించారు. ఎవరికి ఉత్తరం రాయాలో తెలియని అభిమానం అది. 2010 జనవరిలో ఆయన పోయేనాటికి ఆ పిల్లలు తాతలయ్యారు. వాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలిసింది చాలా ఆలస్యంగా. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. పేరు వెయ్యకపోవడం ఆనాటి పత్రిక పద్ధతే కావచ్చు, కానీ అది అన్యాయమైన పద్ధతి.

చందమామవాళ్ల జ్ఞాపకాల్లో ఒక ముచ్చట ఉంది. ఈ రాక్షసులు, మాంత్రికుల గొడవ చక్రపాణికి అంతగా నచ్చేది కాదట. ఒక దశలో దాన్ని ఆపించి బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వేయించారు. సర్క్యులేషన్ పడిపోయింది. మళ్లీ దాసరి కలం పట్టాల్సి వచ్చింది. నినాదాలు లేవు, హ్యాష్‌ట్యాగ్ లేదు. పిల్లలు నాన్న దగ్గర అణాలు అడగడం మానేశారు, మద్రాసుకు సంగతి అర్థమైపోయింది.

పాఠకుడికి చందమామ అధికారికంగా తెరిచిన కిటికీ ఫొటో వ్యాఖ్యల పోటీ. వెనక పేజీల్లో రెండు ఫొటోలు. రెంటికీ జత కుదిరేలా చిన్న చిన్న వ్యాఖ్యలు రాసి పోస్టుకార్డు మీద పంపాలి. గెలిచినవాళ్ల పేరు, ఊరు అచ్చయ్యేది. కార్డు మీద చోటెంత? అందులోనే మాట కుదరాలి, జత కుదరాలి, చేతిరాత అర్థం కావాలి. ఒక మనిషి కూర్చుని ఆ కార్డులన్నీ చదివేవాడు. పాత సంచికల్ని అభిమానులు ఓపికగా స్కాన్ చేసి దాచారు గానీ పాఠకులు రాసిన ఆ కార్డుల్ని ఎవరూ పుస్తకంగా కుట్టలేదు. తెలుగు పిల్లలు ఏం ఆలోచించారో చెప్పే అంత పెద్ద సాక్ష్యం అలా చేజారిపోయింది. పత్రిక కూడా 2007లో చేతులు మారి, కొన్నేళ్లకే ఆగిపోయింది.

టీవీ సంగతి క్లుప్తంగానే చెప్తాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో హైదరాబాదు ఒకటి. చేవెళ్ల, మొయినాబాద్ అప్పటికి ఆ జిల్లాలోనివే. రంగారెడ్డి జిల్లా 1978లో గానీ పుట్టలేదు. అప్పుడు చూపించింది వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. మన సూపర్ హీరో రావడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది.

1997 సెప్టెంబర్ 13న ‘శక్తిమాన్’ మొదలైంది. ముందు శనివారం, తర్వాత ఆదివారం మధ్యాహ్నం. హిందీ సీరియలే అయినా మా దగ్గర ఎవరికీ అనువాదం అక్కర్లేకపోయింది. చేవెళ్ల అంగడిలో బేరం సగం తెలుగులో, సగం ఉర్దూలో నడుస్తుంది. టీవీ ఉన్న ఇంటి అరుగు మీద చెప్పులు గుట్టపడేవి. శక్తిమాన్ ఒక చెయ్యి పైకెత్తి గిరగిరా తిరిగితే, ఆట అయిపోగానే వాడకట్టంతా తిరిగేది. కళ్లు తిరిగి పడినవాణ్ణి లేపుతూ మా పెద్దమ్మ, “గంత తిరిగితె నువ్వు మీదికి పోతవా, కడుపుల తిన్నది మీదికొస్తది గాని” అనేది. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. ముకేశ్ ఖన్నా స్వయంగా తెరమీదికొచ్చి, అలా చెయ్యొద్దని పిల్లలకు చెప్పాడు. ‘సారీ శక్తిమాన్’ అంటూ తప్పు ఒప్పుకునే భాగం కూడా ఉండేది. వీరుడు ఆట ఆపి ప్రేక్షకుడితో మాట్లాడటం నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. శక్తిమాన్ కామిక్స్ సీరియల్ తర్వాతే వచ్చాయి. బొమ్మల పుస్తకం నుంచి తెరకు వెళ్లే దారి మన దగ్గర తిరగబడింది.

మన తెలుగు వీరుల్లో ఇంకో వింత కూడా చెప్పాలి. 1980లో వి. మధుసూదనరావు తీసిన ‘సూపర్ మేన్’లో ఎన్.టి. రామారావుకు శక్తులిచ్చింది వేరే గ్రహం కాదు, ఆంజనేయస్వామి. 2024 జనవరి 12న వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో తేజ సజ్జాకు శక్తి వచ్చిందీ ఆయన దయవల్లే. నలభై నాలుగేళ్లు గడిచినా శక్తినిచ్చే చెయ్యి మారలేదు. ఊరూరా ఆంజనేయుడి గుడి ఉన్నచోట ఇంకెవరిస్తారు?

ఇప్పుడు మార్వెల్ సీరీస్‌లు తెలుగు మాటలతో ఫోన్‌లోకే వచ్చేస్తున్నాయి. 2022లో ‘మిస్ మార్వెల్’ వచ్చినప్పుడు మొయినాబాద్ నుంచి మెహదీపట్నం వెళ్లే బస్సులో ఇంజనీరింగ్ పిల్లల వాదన విన్నాను. 2014 నాటి కామిక్‌లో కమలా ఖాన్ తన ఒళ్లు సాగదీసుకునే శక్తి ఉన్న పిల్ల. సీరీస్‌లో ఆ శక్తి కుటుంబంలో తరతరాలుగా వచ్చిన కడియంలోంచి వెలుగుగా వస్తుంది. అది మూలానికి ద్రోహమని ఒక కుర్రాడు. “ద్రోహమెట్లయితదిరా? అవ్వ పెట్టుకున్న కడెం మనుమరాలికి రావొద్దా? ఆమె తల్లి తిడుతుంటే మా అమ్మీ తిట్టినట్టే ఉంది” అని బురఖా మీద కాలేజీ ఐడీ కార్డు వేసుకున్న అమ్మాయి. అప్పా జంక్షన్ దాటినా తెగలేదు. కమలా ఖాన్ అమెరికాలోని జెర్సీ సిటీ పిల్ల, ఆమె కోసం పేచీ పెట్టుకుంటున్నది గండిపేట చెరువు పక్క దారిలో.

నేను ఆ అమ్మాయి పక్షమే. కానీ కుర్రాడి మాటలోని పట్టుదలా నాకు నచ్చింది. తీరా అడిగితే అతనూ ఆ కామిక్ చదవలేదు, ఎవరో వీడియోలో చెప్పగా విన్నాడు. తెలుగులో చదువుదామంటే ఎక్కడుంది? దాసరి కథల్ని సీరీస్‌గా తీద్దామన్న పెద్ద ప్రయత్నమూ కనపడదు. యక్షపర్వతం తెరకెక్కితే ఖడ్గవర్మ మీసం బాగాలేదని పోట్లాడటానికి నేను సిద్ధంగా ఉన్నాను, మా నాన్న ఇంకా సిద్ధంగా ఉన్నారు. చేవెళ్ల బస్టాండు దగ్గరి పుస్తకాల కొట్లో మాత్రం ఇవాళ పిల్లల కోసం దొరికేవి పోటీ పరీక్షల గైడ్లు, రంగులేసుకునే ఛోటా భీమ్ పుస్తకాలు, అంతే.