తెలుగు కాంపోజిషను - మార్కుల తగాదా

పిల్లవాడు సొంతంగా వ్రాసిన నాలుగు వాక్యాలకు మార్కులు ఎలా వేయాలి? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని నూరేళ్ళకు పూర్వం ఈ ప్రశ్నే తెలుగు పండితులను రెండు వర్గాలుగా చీల్చింది. వాడుకభాషా ఉద్యమం సాహిత్య సభల్లోకి రాకముందే తరగతి గదిలోను, పరీక్ష పేపరు దగ్గర మొదలైందన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తరాంధ్ర ప్రాంతానికి స్కూళ్ళ ఇనస్పెక్టరుగా వచ్చారు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటి కావడం చూసి, ఇలా ఎందుకున్నదని ఆరా తీశారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలోని గురజాడ అప్పారావు ఆయనతో కలిశారు. ఉద్యమానికి పునాది అదే.

ఆనాటి విద్యార్థి అవస్థ ఎలాంటిదో చూడండి. ఇంట్లో "పామును చూశాను" అనే కుర్రవాడు కాంపోజిషనులో "పామును జూచితిని" అని వ్రాయాలి. ద్రుతం మీద పరుషానికి సరళం రావాలి, అరసున్న ఉండవలసిన చోట ఉండాలి. ఇవి తప్పితే మార్కు పోతుంది. ఆ పాము ఎక్కడ కనిపించింది, వాడు ఏం చేశాడు అన్నది మాత్రం దిద్దేవారికి పట్టదు. తప్పు దొర్లుతుందన్న భయంతో పిల్లవాడు తనకు తెలిసిన సంగతి మానేసి, బట్టీ పట్టిన వాక్యాలనే దింపేవాడు.

1912-13లో స్కూలు ఫైనలు బోర్డు ఒక సడలింపు ఇచ్చింది. తెలుగు వ్యాసం కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునన్నది. ఆధునిక భాషకు మచ్చుగా బ్రౌను తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను చూపించింది. దానితో పండితులలో పెద్ద అలజడి బయలుదేరింది. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు తీవ్రంగా ఎదిరించారు. వారి వాదాన్ని తేలికగా తీసివేయకూడదు. జిల్లాకొక మాట ఉన్న దేశంలో ఎవరి మాట వారు వ్రాస్తే అందరికీ ఉమ్మడి భాష ఏది, పరీక్షాధికారి దేన్ని ఒప్పు అనాలి అన్నది వారి బెంగ. గిడుగు వారి జవాబు స్పష్టం: మేమడిగేది ఎవరి యాస వారిదని కాదు, చదువుకున్నవారు నిత్యం వాడే శిష్టవ్యావహారికం. అంతేకాదు, గ్రాంథికం వ్రాసే పండితుల రచనల్లోనే వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపించారు. పండితులకే పట్టుబడని భాష పదిహేనేళ్ళ కుర్రవాడికి ఎలా పట్టుబడుతుంది?

మద్రాసు విశ్వవిద్యాలయం ఈ విషయమై వేసిన ఉపసంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. గురజాడ వారు 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. అప్పటికి గ్రాంథికానిదే పైచేయి. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1924లో వాడుకభాషపై నిషేధాన్ని ఎత్తివేసినా, బడి గోడలు దాటి లోపలికి రావడానికి దానికి ఇంకా చాలా కాలం పట్టింది.

దీని ఫలితం మనవంటి ఉద్యోగులకు బాగా తెలుసు. 1966లో అధికార భాషా చట్టం వచ్చిన తరువాత ఆఫీసుల్లో తెలుగులో నోటు వ్రాయవలసి వచ్చినప్పుడు, ఎంతో చదువుకున్నవారు కూడా కలం పట్టుకొని తడుముకున్నారు. తెలుగు రాక కాదు. ఆవు మీద, దీపావళి మీద బట్టీ వ్యాసాలు తప్ప, ఉన్న విషయాన్ని ఉన్నట్లు నాలుగు ముక్కల్లో పెట్టడం బడిలో ఎవరూ నేర్పలేదు కనుక.

ఇప్పటి తెలుగు వాచకాలు తీసి చూస్తే సంతోషం కలుగుతుంది. లేఖ, సంభాషణ, కరపత్రం, అభినందన పత్రం, నినాదాలు అంటూ పిల్లలచేత ఎన్నో తీరుల రచన చేయిస్తున్నారు. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం గూర్చి చెప్పింది. అంటే ఏడాది చివరి మూడు గంటల పరీక్షే కాక, ఏడాది పొడుగునా పిల్లవాడు వ్రాసినదాన్ని చూసి అంచనా కట్టాలని. లేఖకు లేఖ లక్షణాలు, సంభాషణకు సంభాషణ లక్షణాలు చూడాలి గాని అన్నిటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

అయితే పద్ధతి మారినా భయం మారకపోతే లాభం లేదు. కరపత్రం కూడా గైడులో చూసి దింపితే, అది ఆనాటి బట్టీ వ్యాసానికి తమ్ముడే. గిడుగు, గురజాడలు పోరాడినది క్రియాపదాల కోసం మాత్రమే కాదు, పిల్లవాడి మాట కాగితం మీదికి రావడం కోసం.

కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి. తీరిక మనకు కావలసినంత ఉన్నది. మనుమడో మనుమరాలో నోటుపుస్తకం తెచ్చినప్పుడు వెంటనే ఎర్ర పెన్ను తీయకండి. ముందు ఏం చెప్పదలచిందో చదవండి, ఆ సంగతిని గురించి రెండు ప్రశ్నలు అడగండి. ఒత్తులు, దీర్ఘాలు ఆ తరువాత దిద్దవచ్చు.