రౌతు లేని గుర్రం: హుస్సేన్ అశ్వచిత్రాల మూలాలు

ఎం.ఎఫ్. హుస్సేన్ పేరు వినగానే సామాన్య ప్రేక్షకునికి స్ఫురించేది గుర్రమే. మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి, ముంగాళ్ళు గాలిలోకి ఎత్తిన ఆ గుర్రాన్ని శక్తికీ వేగానికీ పురుషత్వానికీ ప్రతీకగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్య తప్పు కాదు గానీ, అది ఏ చిత్రకారుని గుర్రానికైనా సరిపోతుంది. హుస్సేన్ గుర్రాలలో విమర్శకులు అంతగా పట్టించుకోని లక్షణం ఒకటుంది. వాటిలో చాలావాటికి రౌతు లేడు. జీను, కళ్ళెం కూడా తరచుగా కనిపించవు. ఈ లేమి ఎక్కడినుంచి వచ్చిందో పరిశీలిస్తే, జీవితాంతం వదలని ఆయన అశ్వాభినివేశం మరో రీతిలో అర్థమవుతుంది.

హుస్సేన్ 1915 సెప్టెంబరు 17న పంఢరపురంలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. శైశవంలోనే తల్లి మరణించింది. బాల్యం ప్రధానంగా ఇందోరులో గడిచింది. ఆనాటి ఇందోరు హోల్కర్ల సంస్థానం. అక్కడి మొహర్రం ఊరేగింపులలో తాజియాలతోపాటు ‘దుల్‌దుల్’ అనే గుర్రపు ప్రతిమను కూడా మోసుకువెళ్ళేవారు. తన గుర్రాల వెనుక ఆ దుల్‌దుల్ జ్ఞాపకం ఉందని ఆయనే చెప్పుకున్నారు.

ఈ పేరు విషయంలో కొంత వివరణ అవసరం. ఇస్లామీయ సంప్రదాయంలో దుల్‌దుల్ గుర్రం కాదు, ప్రవక్తనుంచి అలీకి సంక్రమించిన కంచరగాడిద. క్రీ.శ. 680లో కర్బలా యుద్ధంలో ఇమాం హుసేన్ అధిరోహించిన గుర్రం పేరు జుల్‌జనా. భారతదేశపు జనవ్యవహారంలో ఈ రెండూ కలిసిపోయి కర్బలా గుర్రానికే దుల్‌దుల్ అన్న మాట వాడుకైంది. ఇమాం నేలకొరిగిన తరువాత, బాణాలు గుచ్చుకున్న ఒంటితో, ఖాళీ జీనుతో ఆ గుర్రం శిబిరానికి తిరిగివచ్చే ఘట్టం మర్సియాలలో అత్యంత కరుణాత్మకమైనది. గుడారాల్లోని స్త్రీలకు ఎవరూ వార్త చెప్పనక్కరలేదు. గుర్రాన్ని చూస్తే చాలు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూసి పెరిగిన పాఠకునికి ఈ శోకం పరాయిది కాదు.

‘రౌతు కొద్దీ గుర్రం’ అని తెలుగు సామెత. గుర్రం విలువను రౌతును బట్టి కట్టడమే లోకరీతి. నగరాల కూడళ్ళలో నిలిపిన రాజుల అశ్వారూఢ విగ్రహాలన్నీ ఈ సూత్రానికి లోబడినవే. దుల్‌దుల్ విషయంలో ఆ సంబంధం తలకిందులైంది. రౌతు లేకపోవడమే అక్కడ గుర్రానికి అర్థం. ఆ లేని రౌతు పేరూ చిత్రకారుని పేరూ ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా, ఊరేగింపు పొడవునా వినిపించే ‘యా హుసేన్’ అనే పిలుపు అదే పేరుగల బాలుని మనసులో ఏ ముద్రా వేయలేదనుకోవడం కష్టం.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఊరేగింపులో ఆ బాలుడు చూసినది ప్రాణమున్న జంతువును కాదు, మనుషులు చేతులతో కట్టిన బొమ్మను. పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ దాదాపు ఏడాదిన్నరపాటు ఒక పల్లెలో గుర్రాల కళేబరాలను పొరలు పొరలుగా కోసి, కండరాలను గీసి, 1766లో గ్రంథంగా ప్రచురించాడు. హుస్సేన్ మార్గం అది కాదు. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి, ఆపైన పిల్లల బొమ్మలకు, సామగ్రికి నమూనాలు తయారుచేసి బతికిన మనిషి ఆయన. శరీరశాస్త్రం కన్నా బొమ్మ చేసేవాని చూపే ఆయన గుర్రాలలో బలంగా ఉంది. కాళ్ళు అతికించినట్లుంటాయి, మెడ వేరే ముక్కగా మలిచినట్లుంటుంది. బరోడాలో నేర్చిన అరబీ లిపిలేఖనం వీటికి గీత వేగాన్ని ఇచ్చింది.

1952లో జరిగిన చైనా పర్యటన ఈ బాల్యసంస్కారానికి ఊతమిచ్చింది. అక్కడ ఆయన తాంగ్ వంశకాలపు మట్టి గుర్రాలనూ, శూ పేహాంగ్ సిరాతో చిత్రించిన గుర్రాలనూ చూశారు. తాంగ్ గుర్రాలు సమాధులలో మృతులకు తోడుగా ఉంచినవి. వాటి కళ ఆయనను ఆకర్షించిందని అందరూ రాస్తారు. అవి కూడా మరణించినవారి గుర్రాలే అన్న సంగతిని కర్బలా నేపథ్యంతో కలిపి చూడడం అవసరం. ఇక శూ పేహాంగ్, జపాను దురాక్రమణ కాలంలో కళ్ళెం లేని గుర్రాలను విరివిగా చిత్రించిన కళాకారుడు. 1940లో శాంతినికేతన్‌లో ఉండి ఠాగూరు చిత్తరువులు గీసినవాడు. ఇటాలియన్ శిల్పి మారినో మారినీ ప్రభావాన్నికూడా కొందరు పేర్కొంటారు. మారినీ గుర్రాలపై రౌతు ఉంటాడు, క్రమంగా అదుపు తప్పుతాడు, పడబోతాడు. హుస్సేన్ గుర్రాలు ఆ పతనం ముగిసిన తరువాతివి.

ఈ ప్రతిపాదన అన్ని చిత్రాలకూ వర్తించదు. 1971 సావోపాలో ద్వైవార్షిక ప్రదర్శనకు వేసిన మహాభారత చిత్రాలలోనూ, అంతకుముందు లోహియా ప్రోద్బలంతో హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ ఆదరణలో వేసిన రామాయణ చిత్రాలలోనూ గుర్రం ఇతిహాస కథకు లోబడి సాగవలసిందే. బ్రిటిష్ పాలనను పరిహసించిన చిత్రాలలో దొరలు స్వారీ చేస్తారు కూడా. పైగా, కొనేవారి కోరికపై విడవకుండా వేసిన తరువాతి గుర్రాలలో చాలావాటిలో వేగం మిగిలింది, శోకం ఇంకిపోయింది. వాటిని యాభైల నాటి చిత్రాలతో సమంగా తూచడం ఆయనకే అన్యాయం.

2006లో దేశం విడిచిన హుస్సేన్ 2010లో ఖతార్ పౌరసత్వం స్వీకరించి, 2011 జూన్ 9న లండనులో మరణించారు. చివరి సంవత్సరాలలో రూపకల్పన చేసిన ‘సీరూ ఫిల్ అర్ద్’ ఆయన మరణానంతరం, 2019 డిసెంబరులో దోహాలో ప్రారంభమైంది. ‘భూమిపై సంచరించండి’ అని ఆ పేరుకు అర్థం. మానవుని ప్రయాణ చరిత్రను యంత్రాలతో, సంగీతంతో చూపే ఆ కల్పనలో పాతకాలపు కార్లూ, మురానో గాజుతో పోతపోసిన నిలువెత్తు గుర్రాలూ వేదికపై తిరుగుతాయి. గుర్రాల వీపులు ఖాళీగానే ఉన్నాయి.