కవి రిలేయెవ్, డిసెంబరు తిరుగుబాటు

కొంద్రాతి రిలేయెవ్ 1795లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి బాతొవొలో, పెద్దగా ఆస్తి లేని కులీన కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే రాజధానిలోని సైనిక పాఠశాలలో చేరి, 1814లో ఫిరంగి దళ అధికారి అయ్యాడు. నెపోలియన్‌తో యుద్ధం చివరి రోజుల్లో రష్యా సేనతో పాటు పశ్చిమ ఐరోపా చూశాడు. దేశాన్ని కాపాడిన రైతు సైనికులు ఇంటికి తిరిగొచ్చి మళ్ళీ జమీందార్ల అర్ధబానిసలే అయ్యారు. ఈ అన్యాయం ఆ తరం అధికారుల్లో చాలామందిని కలచివేసింది. రిలేయెవ్ 1818లో సైన్యం విడిచిపెట్టాడు.

1820లో అచ్చయిన ఒక వ్యంగ్య కవిత అతనికి పేరు తెచ్చింది. పైకి అది ఒక రోమన్ కవికి అనుకరణ. చదివినవాళ్ళకు మాత్రం అందులో కనిపించింది జార్ అలెగ్జాండర్‌కు కుడిభుజమైన అరక్చేయెవ్. అంతటి అధికారిని అచ్చులో దుయ్యబట్టడం అప్పటి రష్యాలో ప్రాణాలకు తెగించిన పనే. తర్వాత రిలేయెవ్ రాజధాని క్రిమినల్ కోర్టులో పనిచేశాడు. 1824 నుంచి రష్యన్-అమెరికన్ కంపెనీ కార్యాలయ వ్యవహారాలు చూశాడు. మిత్రుడు అలెగ్జాండర్ బెస్తూజెవ్‌తో కలిసి ‘ధ్రువతార’ అనే వార్షిక సంకలనం వెలువరించి, రచయితలకు పారితోషికం ఇచ్చాడు. రష్యా చరిత్ర వీరులపై రాసిన ‘దూమీ’ కవితలు, ‘వొయినరోవ్‌స్కీ’ కావ్యం 1825లో పుస్తకాలుగా వచ్చాయి. ‘దూమీ’ పుష్కిన్‌కు నచ్చలేదు, ‘వొయినరోవ్‌స్కీ’ని మెచ్చుకున్నాడు. శిల్పం మాట వరకు పుష్కిన్ తీర్పు సబబే. అయితే రిలేయెవ్‌కు కవిత్వం పౌరధర్మంలో భాగం. ఆ నిష్ఠే అతని పద్యాలకు బలం.

1823లో అతను ఉత్తర సంఘం అనే రహస్య సంస్థలో చేరాడు. అర్ధబానిసత్వం రద్దు కావాలి, నిరంకుశ పాలన పోవాలి అన్నవి దాని ఆశయాలు. త్వరలోనే రిలేయెవ్ దానికి ప్రాణం అయ్యాడు. మోయికా కాలువ ఒడ్డున, కంపెనీ భవనంలో అతను కాపురమున్న ఇల్లే కుట్రకు కేంద్రం. 1825 నవంబరులో జార్ అలెగ్జాండర్ చనిపోవడంతో సింహాసనం ఎవరిదన్న గందరగోళం రేగింది. కొత్త జార్ నికొలాయ్‌కి విధేయతా ప్రమాణం చేయాల్సిన డిసెంబరు 14న (పాత పంచాంగం ప్రకారం) దాదాపు మూడు వేల మంది తిరుగుబాటు సైనికులు సెనేట్ చౌకుకు చేరారు. నాయకుడిగా ఎన్నుకున్న త్రుబెత్‌స్కోయ్ రానే లేదు. సైన్యంలో లేని రిలేయెవ్ అతన్ని వెతుక్కుంటూ తిరిగాడు. సైనికులు గంటల తరబడి చలిలో కదలకుండా నిలబడ్డారు. చీకటి పడేవేళ ఫిరంగులు పేలాయి, తిరుగుబాటు ముగిసిపోయింది. తమవైపు కదిలి వచ్చేందుకు సిద్ధంగా ఉన్న సామాన్య జనాన్ని కలుపుకోకపోవడం ఆ కులీన విప్లవకారుల అసలు బలహీనత.

ఆ రాత్రే రిలేయెవ్‌ను అరెస్టు చేసి పీటర్-పాల్ కోటలో బంధించారు. విచారణలో అతను చాలా విషయాలు బయటపెట్టాడు, ప్రధాన దోషం మాత్రం తనపైనే వేసుకున్నాడు. 1826 జులై 13న కోట దగ్గర అతన్నీ, తోటి విప్లవకారులు పెస్తెల్, సెర్గేయ్ మురవ్యోవ్-అపొస్తోల్, బెస్తూజెవ్-ర్యూమిన్, కహోవ్‌స్కీలనూ ఉరితీశారు. ముగ్గురి తాళ్ళు తెగిపోయాయి, వాళ్ళలో రిలేయెవ్ ఒకడు. ఆ ముగ్గురినీ మళ్ళీ ఉరికంబమెక్కించారు.

ఆ తర్వాత దశాబ్దాల పాటు రష్యాలో అతని పేరు అచ్చు వేయడం నిషిద్ధం. అయినా సైబీరియాలో కొసాక్ నాయకుడు యెర్మాక్ మరణంపై అతను రాసిన ‘దూమీ’ కవిత ఒకటి జానపద గీతమై జనం నోట నిలిచింది. 1855లో లండన్‌లో ప్రవాసి హెర్జెన్ తన పత్రికకు ‘ధ్రువతార’ అనే పేరే పెట్టి, ముఖపత్రంపై ఉరికంబమెక్కిన ఆ ఐదుగురి చిత్తరువులు ముద్రించాడు.