లాకు నుంచి రన్‌వే దాకా

గన్నవరంలో ఎక్కితే శంషాబాద్‌లో దిగడానికి గంట చాలు. ఆకాశమార్గాన దూరం సుమారు 260 కిలోమీటర్లు. కానీ తాడేపల్లిగూడెం మనిషికి ఆ గంట ప్రయాణంలో ఒక ముక్క మాత్రమే. ఏలూరు మీదుగా 80 కిలోమీటర్లకు పైగా వచ్చి, తనిఖీల కోసం ముందే వరసలో నిలబడాలి. ఈ ప్రాంతంలో ప్రయాణకాలాన్ని మొదట్నుంచీ తేల్చింది దారిలో ఆగాల్సిన చోట్లే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరి, కృష్ణా కాలువలు ఏలూరులో కలిశాయి. సాగుకోసం తవ్విన కాలువే రహదారి అయింది. కాకినాడలో బయల్దేరిన సరుకు ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా వెళ్లేది. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు, లేదంటే గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. ఎంత లాగినా లాకు దగ్గర ఆగాల్సిందే. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, నీటిమట్టం సమానమయ్యాకే ముందు తలుపులు తీసేవారు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఎక్కడి పడవ అక్కడే.

1893-96 మధ్య బెజవాడ, కటక్‌ల నడుమ రైలుదారి పడింది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం 50 కిలోమీటర్ల లోపే కనక, పడవలో రోజు పట్టే ప్రయాణం పూటలోకి వచ్చేసింది. అయినా కొవ్వూరు దాకా వచ్చిన రైలుకు గోదావరి అడ్డం. అక్కడ దిగి, ఏరు దాటి, రాజమండ్రిలో మళ్లీ బండెక్కాలి. 1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన తెరిచాక గానీ ఆ మజిలీ తప్పలేదు.

కొల్లేరు సరస్సులోని లంకల సంగతి వేరు. అక్కడ ఒకప్పుడు తాటిదోనే వాహనం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి సర్కారు కాలువను పంటు మీద దాటేవారు. బుడమేరు, తమ్మిలేరు పొంగి, ఆ నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి దిగడం ఆలస్యమైతే, ఏలూరు–కైకలూరు రోడ్డు ఇప్పటికీ చినఎడ్లగాడి దగ్గర మునుగుతుంది. ఎన్ని గుర్రాల బలమున్న కారైనా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

రెండో ప్రపంచయుద్ధం గన్నవరానికీ, గూడేనికీ చెరో రన్‌వే ఇచ్చింది. గన్నవరం పౌర విమానాశ్రయమైంది. 2003లో ఎయిర్ దక్కన్ హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టింది. 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. పెద్ద విమానాలకోసం రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు. గూడెం రన్‌వే మాత్రం ఆ తర్వాత ఉదయపు నడకలకు, సభలకు పనికొచ్చింది.

కొత్త విమానాశ్రయాల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో పరిశీలనకు పెట్టిన ఊళ్లలో తాడేపల్లిగూడెమూ ఉంది. ఒకవైపు గన్నవరం, మరోవైపు రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయాలు ఉండగా మధ్యలో ఇంకొకటి ఎందుకన్న ప్రశ్న సహజమే. గాలిలో గడిపే నిమిషాలు మూడుచోట్లా ఇంచుమించు ఒక్కటే. రోజుకు ఎన్ని సర్వీసులు నిలబడతాయి, భీమవరం, ఆకివీడు, కైకలూరు జనం వానాకాలంలో కూడా అక్కడికి ఎంతసేపట్లో చేరగలరు అన్నవే అసలు లెక్కలు. ఆ రెండూ తేలకుండా రన్‌వే బాగుచేస్తే, ఆగాల్సిన చోట్ల జాబితాలో మరొకటి చేరుతుంది, అంతే.